పచ్చచుక్క

"ఇంట్లోనే ఉంటావుగా!" ఈ మాట వింటే చాలు, ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

అన్నయ్యదీ అదే పాట. "నేను ఆఫీసుకు పోవాలి. నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, అమ్మని చూసుకో" అంటూ పక్షవాతంతో మంచాన పడ్డ తల్లిని తెచ్చి దింపి, చేతులు దులుపుకుని పోయాడు. ఇంటి నుంచి పని చెయ్యడమంటే కాళ్ళు బారజాపుకుని కూర్చోవడమని ఆ మహానుభావుడి ఉద్దేశం!

ఆమెది ఫిర్యాదులకు కంప్యూటర్లో జవాబులు రాసే ఉద్యోగం. పనివేళల్లో తెర మూల పచ్చచుక్క వెలుగుతూ ఉండాలి. ఐదు నిమిషాలు మౌస్ కదలకపోతే అది పసుపు రంగుకు మారుతుంది, వెంటనే సూపర్‌వైజర్ ఫోను. నెలలో మూడుసార్లు పసుపైతే ఇక రోజూ ఆఫీసుకు రావాల్సిందే. ఈ నెల అప్పుడే రెండయ్యాయి. తను పోతే, పక్కకు ఒత్తిగిల్లడం కూడా చేతకాని తల్లికి దిక్కెవరు?

"నడిచే చేతిగడియారం మీద మౌస్ పెట్టవే. ముల్లు కదిలితే తెర మీద బాణమూ కదుల్తుంది. అందరం చేసేదే!" అని స్నేహితురాలు ఉపాయం చెప్పింది. ఇంట్లో ఉన్న ముళ్ళ గడియారం చనిపోయిన నాన్నది ఒక్కటే. ముప్ఫై ఏళ్ళు మిల్లు గేటు దగ్గర టైంకీపరాయన. నిమిషం ఆలస్యమైతే కన్నకూతురినైనా లోపలికి రానివ్వని మనిషి. పైగా, "ఇంట్లో కూర్చుని చేసేదీ ఒక పనేనా?" అని వెటకారం. ఆమె రోజూ దానికి కీ ఇచ్చి, మౌస్ కింద పెట్టి, తల్లికి ఒళ్ళు తుడవడానికి వెళ్ళేది.

వారం హాయిగా గడిచింది.

ఆ సాయంత్రం సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "మేడమ్, మూడు నుంచి నాలుగు లోపల పదకొండు మందికి జవాబులిచ్చారు. శభాష్! కానీ కాస్త మర్యాదగా రాయండి."

ఆ గంటసేపూ ఆమె బాత్‌రూములో దుప్పట్లు ఉతుకుతోంది.

తెర చూసింది. పదకొండు జవాబులు. అన్నిట్లోనూ ఒకటే వాక్యం.

"ఆలస్యానికి కారణం చెప్పు."

గేటు దగ్గర నాన్న అనే మాట...

మౌస్ ఎత్తింది. గడియారం ఆగిపోయి ఉంది. మొన్నటి నుంచి కీ ఇవ్వడమే మర్చిపోయింది. అయినా చుక్క పచ్చగానే ఉంది. గదంతా మిల్లు నూనె వాసన...

"అమ్మా, ఇక్కడికి ఎవరైనా వచ్చారా?"

తల్లి పెదవులు కష్టంగా కదిలాయి. "మీ నాన్న... నీ కుర్చీలో..."

ఆమె గడియారాన్ని బీరువాలో పడేసి తాళం వేసి, తాళంచెవి మెడ గొలుసుకు తగిలించుకుంది. "బతికున్నన్నాళ్ళూ కాసిన కాపలా చాల్లేదా నాన్నా! ఇక్కడ కూడానా!" అని కోపంతో, ఏడుపుతో అరిచింది.

మర్నాడు ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. "మీరు కోరినట్టే, ఇకపై శాశ్వతంగా ఇంటి నుంచే పని."

ఎగిరి గంతేయాల్సిన వార్త! కానీ ఆమె ఏమీ కోరలేదే? కింద, తన పేరుతో వెళ్ళిన అర్జీ కనిపించింది. రెండు ముక్కలే ఉన్నాయి.

"గేటు దాటదు."

తల్లి మందులు అయిపోయాయి. చెప్పులు వేసుకుని, తలుపు గడియ మీద చెయ్యి వేసింది. వెనక కుర్చీ కిర్రుమంది.

"వెళ్ళకే..." తల్లి గుసగుసగా అంది. "గంట కొట్టలేదింకా..."

ఆమె వెనక్కి తిరగలేదు. టిక్... టిక్... చప్పుడు. బీరువాలోంచేనేమోనని చెవులు రిక్కించింది. దగ్గర్లోనే. మరీ దగ్గర్లో...

గడియ మీదున్న తన చేతిని చూసుకుంది. మణికట్టుకు నాన్న గడియారం.

బీరువా తాళంచెవి ఇంకా ఆమె మెడ గొలుసుకే వేలాడుతోంది.