సమాధుల రిజిస్టర్లో ఖాళీ వరుస

మిట్టమధ్యాహ్నం... పన్నెండుకు ఇంకా పావుగంట! నడినెత్తిన ప్రజ్వరిల్లాల్సిన సూర్యుణ్ణి కారుమేఘం మింగేసింది. చర్చి గంటగోపురం మీద పట్టపగలు గుడ్లగూబ అరిచింది. ఒకసారి... రెండుసార్లు... మూడోసారి ఆ అరుపు కింది రికార్డు గదిలోంచి వచ్చింది!

ఈసారి అరిచింది పక్షి కాదు. పంతొమ్మిదేళ్ల పిల్ల! దుప్పటితో కుర్చీకి కట్టేసి ఉంది. కనుగుడ్లు తెల్లబడ్డాయి, పెదవులు నల్లబడ్డాయి. ఆ లేత కంఠంలోంచి ఎవరో ముసలివాడి గొంతు బొంగురుగా పలుకుతోంది.

"ఆ పేరు చదువమ్మా... పైకి చదువు..."

పక్కనే నిలబడ్డ తల్లి పుస్తకాలకు బైండింగు వేసి బతికే మనిషి. చినిగిన పుస్తకమేదైనా బాగుచెయ్యగలదు గానీ, పది రోజులుగా మధ్యాహ్నమయ్యేసరికి ఇలా అయిపోతున్న కూతురిని ఏం చెయ్యాలో ఆమెకు పాలుపోలేదు. డాక్టర్లు చేతులెత్తేశారు. ఆ వంశంలో తరానికొకరు ఇలాగే పోయారు. ఈ తల్లికి తాత, మేనత్త, సొంత తమ్ముడు... ముగ్గురూ పదకొండో రోజు, సరిగ్గా పన్నెండో గంట మోగగానే! ఇవాళ పదకొండో రోజు.

అందరికంటే ముందు పోయినవాడు ముత్తాత. ఈ చర్చిలోనే పాస్టరు. గంట తాడుకే ఉరేసుకున్నాడని చెప్పుకున్నారు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు, ఆయనకు ఆ పాటి దయ కూడా దక్కలేదు. సమాధి లేదు, గోడ మీద ఫొటో లేదు. ఆయన ఊసెత్తితే పెద్దవాళ్లు మాట మార్చేవాళ్లు. ఆయన ఎలా బతికాడో, ఎలా చచ్చాడో తెలిస్తేనే కూతురు దక్కుతుందని ఆమె వెతుక్కుంటూ వచ్చింది.

వచ్చి వచ్చి పులి నోట్లో తల పెట్టింది, పాపం!

ఆ పులి రికార్డు గుమాస్తా. వయసెంతో చెప్పలేని ఎండుకట్టె మనిషి, తేనె పూసిన మాట. బల్ల మీద కాగితాలు ఎగరకుండా వాడు పెట్టుకున్నది... ఒక మనిషి పుర్రె!

"భయపడకమ్మా, పాతకాలం డాక్టరుగారిది. బరువుకి వాడుకుంటున్నా," అని నవ్వి సమాధుల రిజిస్టరు తెరిచాడు. పూడ్చిన ప్రతి మనిషికీ ఒక వరుస. పేరు, తేదీ, పాస్టరు సంతకం, చివర్లో 'పైకి చదివిన రోజు'.

"ఈ ఆఖరి గడి దేనికండీ?"

"పూడిస్తే సరిపోదు కదమ్మా. ప్రార్థనలో ఆ పేరు పైకి చదివితేనే చావు పూర్తయినట్టు. ఇదిగో, మీ ముత్తాతగారి కాలం పేజీ. ఆయనకని ఉంచిన వరుస ఖాళీగానే ఉండిపోయింది. ఉరేసుకున్నవాణ్ణి రాయరు మరి. అందుకే మీ వాళ్లని పట్టి పీడిస్తున్నాడు. ఆ వరుసలో మీ అమ్మాయి పేరు రాసెయ్, వదిలేసి పోతాడు."

"బతికున్న పిల్ల పేరు సమాధుల పుస్తకంలోనా?"

"ఉత్త పేరే కదమ్మా! మందు చేదుగానే ఉంటుంది. కానియ్, టైమైపోతోంది."

ఆ పేరు రాసిన మరుక్షణం ఆ పిల్ల ఆయువు వాడి నరాల్లోకి పారుతుందని ఆ తల్లికేం తెలుసు! తాతనూ, మేనత్తనూ, తమ్ముణ్ణీ కన్నవాళ్ల చేతే ఇలా రాయించుకుని, వాళ్ల ఆయువు తాగి బతికిన క్షుద్రోపాసకుడు వాడు! తాగిన ప్రతిసారీ ఆ సిరా ఇంకిపోయి, వరుస మళ్లీ ఖాళీ అయ్యేది.

ఠంగ్...!

తాడు ఎవరూ లాగకుండానే మొదటి గంట మోగింది. ఆమె కలం అందుకుంది. పేజీ ఉబ్బుగా ఉంటే రాయబుద్ధి కాదు బైండింగు పనివాళ్లకి. అలవాటుగా అరచేత్తో సాపు చేసింది... చెయ్యి ఆగిపోయింది.

"ఇక్కడ రెండు కాగితాలు అతికించారండీ."

గుమాస్తా మొహంలో నవ్వు చచ్చింది. "రాయవే!" అని గర్జించాడు. పుర్రె మీద చెయ్యి వేసి వికృత స్వరంతో మంత్రాలు మొదలెట్టాడు. నాలుగు... ఐదు... కిటికీలు భళ్లున పగిలాయి. కూతురి మెడ వెనక్కి విరుచుకుపోతోంది!

"చదువు తల్లీ... పైకి చదువు!"

పది రోజులుగా తన బిడ్డను హింసిస్తోందనుకున్న గొంతు... బతిమాలుతోంది! ఆమె కలం పక్కన పడేసింది. సంచిలోంచి పలుచటి కత్తి తీసి ఆ పొరల మధ్యకు దూర్చింది. ఎనిమిది... తొమ్మిది... అక్షరం చెడకుండా పేజీలు విడిపోయాయి. లోపల ముత్తాత దస్తూరీ!

'గుమాస్తాగా చేరిన ఈ మంత్రగాణ్ణి, వాడు బతికుండగానే, ప్రార్థన చేసి మట్టికి అప్పగించాను. రేపు పన్నెండు గంటలకు పేరు పైకి చదువుతాను. ఆ లోపు నేను లేకపోతే నా రక్తం చదవాలి.'

కింద గుమాస్తా పేరు, తేదీ, ముత్తాత సంతకం. ఆఖరి గడి ఖాళీ!

ఆ రేపటిదాకా ఆయన్ను బతకనివ్వలేదు ఆ నీచుడు. గొంతు నులిమి, గంట తాడుకు వేలాడదీసి, ఉరి అని లోకమంతా చాటాడు. పేజీ చింపితే తన ప్రాణమూ చిరుగుతుందని చింపలేక అతికించాడు.

పదకొండు...

ఆమె చదివింది. గొంతు చించుకుని చదివింది! ఆ పేరు నేనిక్కడ రాయను. అంత కష్టం మీద చచ్చినవాణ్ణి మళ్లీ ఎవరి నోటా పలికించడం ఎందుకు?

పన్నెండు!!

గోపురం మీద పిడుగు పడింది. "ముసలోడా! నీ పుర్రెని నూరేళ్లు బల్ల మీద పెట్టుకుని కూడా నీ నోరు మూయలేకపోయానే!" వాడి ఆర్తనాదం గది దాటలేదు. దాచుకున్న ముసలితనమంతా ఒక్కసారి మీద పడింది. చర్మం ముడుచుకుని, ఎముకలు పొడై, కుర్చీలో కోటు మాత్రం మిగిలింది.

"అమ్మా... నన్నెందుకు కట్టేశావ్? దాహమేస్తోంది," అంది కూతురు, తన గొంతుతోనే. తల్లి కట్లు విప్పకుండానే దాన్ని కావలించుకుని ఏడ్చింది.

సాయంత్రం వాన వెలిశాక, తల్లీకూతుళ్లు పుర్రెను చర్చి ఆవరణలో పూడ్చారు. తల్లి ఆ సంతకం చూసి, ఖాళీ వరుసలో ముత్తాత పేరు రాసింది. కూతురు పుస్తకం అందుకుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుని పైకి చదివింది. నూరేళ్లలో ఆ ఇంటి మనిషి నోట ఆ పేరు వినపడటం అదే మొదటిసారి.