పంఖా ఘర్ కాసెట్

లాల్‌పేట్‌లో పొద్దు గూకాక పంఖా ఘర్ వైపు ఎవరూ పోరు.

మూతపడ్డ పాత గనిలోకి ఒకప్పుడు గాలి పంపిన ఇల్లది. పంఖాను ఎవరో ఎప్పుడో ఊడబీక్కుపోయారు, గోడలు మాత్రం మిగిలాయి. వెనక నేల కుంగి పెద్ద గొయ్యి పడింది. రాత్రుళ్లు అక్కడి నుంచి ఎవరో పిలుస్తారని పేరు. కాపలా కాసే భీమన్న ఒక రాత్రి ఆ పిలుపు విని, "వస్తున్న... వస్తున్న" అనుకుంటూ సంతోషంగా నడిచి పోయాడట. తెల్లారి గొయ్యి అడుగున దొరికాడు. చెప్పులు మాత్రం గొయ్యి అంచున, గుమ్మం ముందు విడిచినట్టు, పక్కపక్కనే ఉన్నాయట.

అక్కడికి కూతవేటు దూరంలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు గిరిధర్. తెనాలి మనిషి. కరెంటు ప్లాంటులో ఇంజినీరు ఉద్యోగం వచ్చి, కర్మ కాలి, భార్య భానుశ్రీ పుట్టిన ఊళ్లోనే పడ్డాడు. మరాఠీవాళ్ల ఊరే అయినా, గని పనికి వచ్చి తరాలుగా స్థిరపడ్డ తెలుగువాళ్లూ ఉన్నారక్కడ. ఆ ఊరంటే అతనికి ఒళ్లుమంట. బొగ్గు దుమ్మంటే మంట, ఎండంటే మంట, అత్తవారి తెలుగంటే మంట, మరాఠీ అంటే మరీ మంట. ఆ భాష ముక్క కూడా చెవిలో పడనివ్వనని ఒట్టు పెట్టుకున్నవాడు. ఐదేళ్ల కూతురు ప్రజ్ఞకీ ఒక్క ముక్క రాకుండా కాపలా కాశాడు.

ఆ పిల్ల అంటే మాత్రం ప్రాణం. సాయంత్రం ఇంటికి రాగానే, "ఇటు రా నాన్నా" అని చేతులు చాపేవాడు. "వస్తున్నా నాన్నా!" అంటూ పిల్ల ఎక్కడున్నా పరుగున వచ్చేది. కూతుర్ని నాన్నా అని పిలవడమేమిటని అత్తవారింట్లో ఒకటే నవ్వు. ఆ నవ్వు కూడా అతనికి మంటే.

"ఇల్లు మారుదామండి," అనేది భానుశ్రీ రోజూ. "పిల్ల గా దిక్కే ఆడుకుంటది. నాకు భయమైతంది."

"మీ ఊళ్లో మనుషులకే కాదు, దెయ్యాలకీ పనీపాటా లేదన్నమాట," అనేవాడు. చివరికి ఒకరోజు విసుగెత్తి చెప్పాడు. "అక్కడ ఏమీ లేదని వీడియో తీసి ఇంటర్నెట్లో పెడతాను. లోకమంతా చూస్తుంది. అప్పుడైనా నోరు మూస్తారా?"

"ఏమన్న ఉంటే?"

"మర్నాడే ఇల్లు ఖాళీ చేద్దాం."

ఇంటర్నెట్లో వీడియోలు పెట్టే పిచ్చి ఊళ్లో అప్పుడప్పుడే మొదలైంది. ఆ పిచ్చి బాగా ముదిరినవాడు బామ్మర్ది నవనీత్. బట్టల కొట్లో కూర్చున్నా మనసంతా కెమెరాల మీదే. గత్యంతరం లేక అతన్నే వెంటబెట్టుకుని బజారుకు పోయాడు గిరిధర్. పోయీ పోగానే, ఎనిమిది వందల రెట్లు జూమ్ అని డబ్బా మీద రాసి ఉన్న కెమెరా మీద చెయ్యి వేశాడు.

"గా అంకె చూసి మోసపోకు బావా. గది ఉత్త డిజిటల్ జూమ్. దగ్గరికి తెస్తది గని బొమ్మ చెదిరిపోతది. చీకట్ల తీసేది చూడు. మైకు తగిలించే జాగ ఉందా చూడు."

"గుడ్డలు కొలిచేవాడివి, నాకు చెప్తావా?" అన్నాడు గిరిధర్. అన్నాడు గానీ, చీకట్లో తీసేదే కొన్నాడు. చవక రకం కాబట్టి మైకు తగిలించే వీలు లేదు.

"అయితే చేతుల పట్టుకోకు," అన్నాడు నవనీత్. "లోపలి మైకుకు నీ ఊపిరే ఇనబడతది. స్టాండు మీద పెట్టి, నువ్వు దూరం జరుగు."

"నువ్వూ రా."

"నేను రాను బావా."

"పిరికి వెధవ," అన్నాడు గిరిధర్ మొహం మీదే.

రాష్ట్రానికంతా కరెంటు పంపే ఊరది. అయినా ఎనిమిదయ్యేసరికి ఠంచనుగా లోడ్‌షెడ్డింగ్. ఆ చీకట్లోనే బయల్దేరాడు. పంఖా ఘర్ వెనక స్టాండు పెట్టి, కొత్త కాసెట్ వేసి, మీట నొక్కి నాలుగడుగులు పక్కకు జరిగాడు. చిన్న తెర మీద అంతా ఆకుపచ్చగా కనబడుతోంది. పిచ్చి మొక్కలు... రాళ్లు... వాటి అవతల ఏమీ లేదు.

చాలాసేపు ఏమీ లేదు.

అప్పుడు వినబడింది... సన్నగా, ఆడగొంతు...

"ఇకడే..."

గిరిధర్‌కి గుండె ఝల్లుమంది. మళ్లీ అదే గొంతు.

"ఇకడే... యే... ఇకడే..."

మరుక్షణమే భయం పోయి ఒళ్లు మండింది. నవనీత్ గాడు! గొంతు మార్చి ఆటలాడుతున్నాడు. ఆ చచ్చు తెలుగు అత్తవారిది కాక ఇంకెవరిది?

"ఇకడే కాదురా, ఇక్కడే!" అని అరిచాడు. "ఒత్తు పలకడం కూడా రాదా? ఇ-క్క-డే! అవును, ఇక్కడే ఉన్నాను. ఇక్కడి నుంచి కదలను. దమ్ముంటే నువ్వే ఇటు రా. ఇటు రా నాన్నా... ఇటు రా, నీ సంగతి చెప్తా!"

గొంతు ఆగింది.

శ్రద్ధగా వింటున్నట్టు ఆగింది.

గిరిధర్ టార్చి వేసి చూశాడు. గొంతు వచ్చిన చోట మనిషి లేడు. మనిషి నిలబడడానికి నేల కూడా లేదు. అది గొయ్యికి నట్టనడుమ.

కెమెరా అక్కడే వదిలేసి, ఇంటికి ఎలా వచ్చి పడ్డాడో అతనికే తెలియదు. ఏమీ లేదని భార్యతో అబద్ధం చెప్పి పడుకున్నాడు.

కెమెరా అక్కడే ఉండిపోయిందని తెలిసి, తెల్లారి నవనీత్ వెళ్లి తెచ్చాడు. కాసెట్ చివరిదాకా తిరిగి ఆగి ఉంది. ఏడు దాటాక గిరిధర్ ప్లాంటు నుంచి వచ్చి వద్దంటున్నా వినకుండా, నవనీత్ దాన్ని టీవీకి తగిలించాడు. భానుశ్రీ వచ్చి పక్కన కూర్చుంది. ప్రజ్ఞ వాకిట్లో లైటు కింద ఆడుకుంటోంది.

"ఇకడే... యే..."

నవనీత్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బావా... గది తెలుగు కాదు. మరాఠీ. ఇకడే యే అంటే... ఇటు రా అని."

గిరిధర్ పగలబడి నవ్వాడు. "అర్థమైతే భీమన్నలా పోయేవాణ్ణన్నమాట! చూశారా? మరాఠీ రాకపోవడమే నన్ను బతికించింది. నా కూతురికీ రాదు. ఇక ఇల్లెందుకు మారాలి?"

"ఇల్లు ఖాళీ చేద్దామని మాటిచ్చిన్రు," అంది భానుశ్రీ.

"ఖాళీ చేసేది లేదు!"

కాసెట్ ఇంకా తిరుగుతూనే ఉంది. టీవీలో గిరిధర్ అరుపులు... పరుగు... తర్వాత కెమెరా లోపలి మోటారు గరగర. ఆకుపచ్చ చీకటి.

నవనీత్ ఆపబోతుంటే వినబడింది. అదే సన్నటి గొంతు.

"ఇ... క్క... డే."

ఈసారి ఒత్తు సరిగ్గా పలికింది.

"ఇక్కడే. ఇక్కడే. ఇటు... ఇటు... రా..."

గొంతు ఒక్కో మాటకీ బరువెక్కుతోంది, మగగొంతు అవుతోంది. చివరికి అచ్చం తెనాలి యాసలో, అచ్చం గిరిధర్ గొంతుతో, ముద్దుగా —

"ఇటు రా నాన్నా."

"బావా..." నవనీత్ గుసగుసలాడాడు. "నువ్వు దానికి తెలుగు నేర్పినవ్."

టీవీ ఆరిపోయింది. ఎనిమిదైంది. ఊరంతా చీకటి.

వాకిట్లో గేటు కిర్రుమంది. "వస్తున్నా నాన్నా!" అని ప్రజ్ఞ కేక, చిన్న చిన్న అడుగుల పరుగు... ఇంట్లోకి కాదు, బయటికి.

గిరిధర్ తలుపు మీద పడి, చీకట్లోకి గొంతు చించుకున్నాడు. "ప్రజ్ఞా! ఇటు రా నాన్నా! ఇటు రా!"

పంఖా ఘర్ వైపు నుంచి అదే మాట, అదే గొంతు...

"ఇటు రా నాన్నా... ఇటు రా..."

అడుగుల చప్పుడు ఆగింది. చీకట్లో ఎక్కడి నుంచో పిల్ల అయోమయంగా అడిగింది.

"ఎటు నాన్నా?"