చంద్రుడి తర్వాత అక్షరాలు

గమ్ ఇంకా తడిగానే ఉంది. బడి వరండా గోడ పొడవునా అతికించిన కాగితం మీద ప్రపంచ చరిత్ర అంతా బారులు తీరింది. ఆరో తరగతి పిల్లలు తలా ఒక బొమ్మ వేశారు. రేపు పొద్దున్నే అమ్మానాన్నలు వచ్చి చూస్తారు.

ఏది ఎక్కడ అతికించాలో చెప్పే పెత్తనం గడగడది. తేదీలన్నీ గడగడా అప్పజెప్పేస్తుందని ఆ పిల్లకి ఆ పేరు. ఆ పేరంటే తనకి మహా గర్వం కూడాను.

మిగిలిన చివరి బొమ్మ నత్తమ్మది. ఒక్క బొమ్మకి వారం పట్టే నెమ్మది మనిషి కాబట్టి నత్తమ్మ. మనుషులు మట్టిపలకల మీద మొదట్లో రాసిన గుర్తులన్నీ ఓపిగ్గా గీసింది. కింద ‘క్రీ.పూ. 3200’ అని ఉంది.

"చంద్రుడి మీద మనిషి దిగిన బొమ్మ తర్వాత పెడుతున్నావేంటే దీన్ని?" అంది నత్తమ్మ.

"అది 1969. ఇది 3200. ఏది పెద్దది?"

"మరి క్రీ.పూ. అంటే?"

గడగడకి తెలీదు. తెలీదని చెప్పడం మాత్రం చచ్చినా అలవాటు లేదు.

"పూ అంటే పూర్తి. అన్నేళ్ళు పూర్తయ్యాయని. నువ్వు గమ్ పుయ్యి."

బొమ్మ అతికించాక, అటుగా వెళ్తున్న పెద్ద తరగతి అక్కలిద్దరు ఆగారు. "చంద్రుడి మీదికి వెళ్ళొచ్చాక తీరిగ్గా అక్షరాలు దిద్దుకున్నారటే," అని ఒకటే నవ్వు.

 ఎక్కడ తప్పిందో గడగడకి తెలీలేదు గానీ, తప్పిందని తెలిసిపోయింది. టీచర్ వచ్చేలోగా తీసేద్దామని బొమ్మ అంచు పట్టి లాగింది. అది అడ్డంగా చిరిగింది. సగం పలక గోడ మీదే ఉండిపోయింది.

 నత్తమ్మ నాలుగు తిట్టినా బాగుండేది. గమ్ డబ్బా పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుంటే అలాగే నిలబడిపోయింది.

సోషల్ టీచర్ వచ్చారు. గోడ చూశారు, డబ్బా చూశారు. "నువ్వేనా చింపింది?" అని నత్తమ్మని అడిగారు.

గడగడ ముందుకొచ్చింది. "నేనే టీచర్. వరస పెట్టిందీ నేనే. పూ అంటే ఏంటో నాకు తెలీదు. తెలుసని చెప్పాను."

టీచర్ నిట్టూర్చారు. "క్రీ.పూ. అని ఉన్న సగం బొమ్మలు చోటు తప్పాయి. ఊడదీస్తే అన్నీ చిరుగుతాయి. రేపటికి ఇది పనికిరాదు."

వెనకాల పిల్లలెవరో ఏడుపు మొదలెట్టారు. గడగడకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. నత్తమ్మ దగ్గరికి వెళ్ళి "సారీనే" అంది. నత్తమ్మ మొహం తిప్పుకుంది.

తరగతిలో టీచర్ బోర్డు మీద రాసి చెప్పారు. పూ అంటే పూర్వం, క్రీస్తు పుట్టకముందు. అక్కడ అంకె ఎంత పెద్దదైతే అంత పాతకాలం.

"అర్థమైందా?"

"ఆ..." అని తరగతంతా రాగం తీసింది.

గడగడ లేచి నిలబడింది. 

"నాకు అర్థం కాలేదు టీచర్. పెద్ద అంకె ముందెందుకు వస్తుంది? ఇంకోసారి చెప్పండి."

అందరూ తిరిగి చూశారు. నత్తమ్మ కూడా చూసింది. గడగడ కూర్చోలేదు.