పలకరింపు గది

హైమ ఆ ఉదయం ఇంకొక బయటిమనిషికి తోవ ఇచ్చి, చల్లారిన టీ ఒక గుక్క తాగింది. ఈసారి వచ్చినవాడు రేవు ఆసుపత్రిలో మందులిచ్చే మనిషి. కుడిచేతి వేలు తెగితే కట్టు కట్టుకుని, ఎడంచేత్తో తలుపు పలక తాకాడు. తలుపులు కాసే యంత్రం, దడి, గుర్తుపట్టక బయటిమనిషి అంది. హైమ తన గదిలోంచే పలకరించి ఇవాళ ఏం కూరని అడిగింది. మళ్లీ ఆనపకాయేనని విసుక్కున్నాడు. అంత విసుగు దొంగలకి చేతకాదు.

ఏం కూరని అడగడం ఆ గదిలో మొదటినుంచీ ఉన్న పద్ధతి. సరైన జవాబంటూ లేదు గనక దొంగిలించడానికీ ఏమీ లేదు. చెప్పే తీరులో మనిషి దొరికిపోతాడు. ఆ పద్ధతి పెట్టింది కంపెనీ యజమాని చలపతి గారు. గొంతుదొంగలు చెలరేగి, కొడుకు గొంతుతో తల్లినీ తల్లి మొహంతో బ్యాంకునీ ముంచుతున్న రోజుల్లో, కాకినాడ రేవులో వలలు బాగుచేసే కొట్టు మీద గది అద్దెకు తీసుకుని ఆయన దడి అల్లడం మొదలుపెట్టారు. మొహమూ గొంతూ సంకేతపదమూ ఏవీ వద్దు, మనిషి నడత చూస్తే చాలన్నారు. పలక మీద వేలు ఆగే తీరు, తలుపు నెట్టే బరువు, తప్పు కొట్టి దిద్దుకునే వేగం, ఇవన్నీ కలిస్తే నడతముద్ర.

మొదట చేపల వేలంపాట కాటాలకు దడి కట్టారు. తర్వాత ఐసు గిడ్డంగులు, ఆసుపత్రులు, మంచినీటి తూములు. ఇప్పుడు దడి లేని తలుపు కావాలంటే వెతుక్కోవాలి. కంపెనీకి రేవు ఎదురుగా పెద్ద మేడ లేచింది. మేడ పెరిగిన కొద్దీ కింద పలకరింపు గదిలో కుర్చీలు తగ్గుతూ వచ్చి, చివరికి హైమ కుర్చీ ఒక్కటే మిగిలింది.

ఇవాళ్టితో అదీ ఆఖరు. తీరమంతా దడి కట్టించుకుంటామని రేవుల సమాఖ్య వాళ్లు వచ్చి పై అంతస్తులో కూర్చున్నారు. వాళ్ల షరతు ఒక్కటే, మధ్యలో మనిషి ఉండకూడదు. అందులో తప్పుపట్టడానికీ లేదు. పోయినేడు ఒక మాయగాడు గోంగూర గురించి నోరూరేలా మాట్లాడి, హైమ పక్క కుర్చీలో ఉండే ఆయన్ని బుట్టలో వేసి, నీటి తూము తెరిపించుకున్నాడు. దడికి మనిషే కంత అని సమాఖ్య వాదన. గది మూసెయ్యాలంటే దాని బాధ్యురాలు నడతముద్ర వెయ్యాలి. వేస్తే హైమకి పైన కిటికీ ఉన్న గది, కొత్త ఉద్యోగం సిద్ధంగా ఉన్నాయి.

భోజనానికి లేవబోతుంటే గంట మోగింది. రేవులో ఐసు గిడ్డంగి కాపరి మరిడమ్మను దడి రెండుసార్లు కాదంది. మూడోసారీ కాదంటే ఆవిడ నడతముద్ర కొట్టేసి వెలివేస్తుంది. ఆపైన ఆ తలుపే కాదు, బ్యాంకూ రేషనూ కూడా ఆవిడను ఎరగవు. తెరమీద దడి తీర్పు కనిపిస్తోంది: నడక నెమ్మది, చెయ్యి బరువు తక్కువ, పలక ముందు అకారణ విరామాలు. ఈమె ఆమె కాదు.

"ఏం కూరండీ ఇవాళ?" అంది హైమ.

అవతల జనం గోల వినిపిస్తోంది.

"మా పొయ్యి ఎలగలేదమ్మా," అంది మరిడమ్మ. "మా ఆయన పోయేడు. పక్కింటోళ్లు పెట్టిందే తింటన్నాం. దినాలు అయ్యాక వద్దామనుకున్నాను గానీ పడవలొచ్చేసినాయి. నా చెయ్యి పడితే గానీ ఈ తలుపు రాదంట కదా. అదేమో ఇప్పుడు నన్నే ఎవరే నువ్వంటంది."

హైమ తోవ ఇచ్చింది. తలుపు తెరుచుకున్న చప్పుడూ, వెనకాల బుట్టలు కదిలిన చప్పుడూ వినిపించాయి.

ఆమె భోజనానికి లేవలేదు. దడికి నడతలు నేర్పిన తొలి రోజుల్లో ఆమె కూడా అక్కడే ఉంది. ఊరంతా తిరిగి జనం చేతులూ నడకలూ పోగుచేశారు. చలపతి గారు ఒకే కట్టడి పెట్టారు. చావు జరిగిన ఇంటి గడప తొక్కొద్దు, మైల తీరేదాకా ఆ ఇంటివాళ్ల నడత దడికి చూపించొద్దు. ఏడ్చే మనిషిని కొలవడం పాపమన్నారు. ఆయన పెద్దమనసుని అందరూ మెచ్చుకున్నారు. తర్వాత కంపెనీ ఎంత పెరిగినా ఆ కట్టడి జోలికి ఎవరూ పోలేదు. అలా, లోకంలో ఇన్ని చేతుల్ని ఎరిగిన దడికి దుఃఖంలో ఉన్న చెయ్యి ఒక్కటీ తెలియకుండా పోయింది.

ఉత్తరాది రేవుల్లో ఏడాదిగా పలకరింపు లేకుండానే దడి నడుస్తోంది. అక్కడ దొంగలని వెలివేసినవాళ్లలో, అప్పుడే ఇంట్లో చావు జరిగినవాళ్లు ఎందరని హైమ అడిగింది. సగానికి పైగా, అని దడి తడుముకోకుండా చెప్పింది. అయినవాళ్లను సాగనంపి వచ్చి, తమ తలుపు ముందు తామే దొంగలైనవాళ్లు. కంచే చేను మేస్తుంటే పైన కూర్చున్నవాళ్లు పంట బాగుందని మురుస్తున్నారు. హైమకి ఏడుపు వచ్చింది.

చలపతి గారికి ఫోన్ చేసి చెప్పింది. ఆయన సమాఖ్య వాళ్ల దగ్గర్నుంచి పక్కకి వచ్చి, గొంతు తగ్గించి, తప్పు తనదేనని ఒప్పుకున్నారు. ఒప్పందం అవనీ, తర్వాత తీరిగ్గా నేర్పిద్దాం, ముందు ముద్ర వేసెయ్యమన్నారు. నేర్పడానికి ఎన్నాళ్లు పడుతుందో ఇద్దరికీ తెలుసు. ఈలోపు తీరంలో చావులు ఆగవని కూడా తెలుసు. కానీ ఆయన మాట హైమ ఎన్నడూ జవదాటలేదు. కళ్లు తుడుచుకుని పలక మీద చెయ్యి పెట్టింది.

చెయ్యి బరువు తక్కువ, అకారణ విరామాలు, అంది దడి. ఈమె ఆమె కాదు.

దడి కాదన్నవాళ్లకు పలకరింపు రావాలి. పలకరించే మనిషే బయటిమనిషైతే ఆ పిలుపు ఈ పద్ధతి పెట్టినాయనకు వెళుతుంది. పైన సమాఖ్య వాళ్ల మధ్య చలపతి గారి ముందు గంట మోగింది.

"హైమా, నువ్వే కదమ్మా. నేను తోవ ఇస్తాను, మళ్లీ వెయ్యి," అన్నారాయన.

హైమ పలక మీద నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"దడి కాదంటోంది కదండీ."

"దడి మాటకేం? నువ్వని నాకు తెలీదా?"

"ఎలా తెలిసిందండీ?"

మనిషి తోవ ఇవ్వందే గది మూతపడదు. ఇస్తే, మధ్యలో మనిషి వద్దన్నవాళ్లు ఎదురుగానే కూర్చుని చూస్తున్నారు. పైన ఎవరో అసహనంగా కుర్చీ జరిపారు. ఏమిటీ ఆలస్యమని ఇంకెవరో అడిగారు. చలపతి గారు ముందుకు వంగారు. ఒకప్పుడు వలల కొట్టు మీది గదిలో మాట్లాడినంత మెల్లిగా, "ఇవాళ ఏం కూరమ్మా?" అన్నారు.

"క్యారేజీ ఇంకా విప్పలేదండీ," అంది హైమ. "మీరు కిందికి రండి, చూసి చెబుతాను."