నచ్చే మొహం

కృష్ణానగర్ మీదుగా ఎగిరే బస్సులు వచ్చినా, నటులు కావాలనుకునేవాళ్ల చంకలో ఫొటోల కవరు మాత్రం పోలేదు. నిజానికి మధ్యలో ముప్పై ఏళ్లు పోయింది, మళ్లీ వచ్చింది. యంత్రాలు తయారుచేసిన హీరోలను, హీరోయిన్లను చూసి చూసి జనానికి మొహం మొత్తింది. "మాకు రక్తమాంసాలున్న మనుషులే కావాలి" అని థియేటర్ల ముందు గోల చేశారు. దాంతో 2091లో చట్టం వచ్చింది. తెర మీద మనిషే నటించాలి, ఆ మనిషిని మనిషి కళ్లే ఎంచుకోవాలి. ఇంకేముంది! కాస్టింగ్ ఆఫీసుల్లో కాగితం ఫొటోలు బస్తాలకొద్దీ వచ్చి పడ్డాయి. చూసేవాళ్ల కళ్లు ఒక్కో ఫొటో మీద రెప్పపాటు కూడా నిలిచేవి కావు.

మేదిని ఐదేళ్లుగా ఫొటోలు పంపుతూనే ఉంది. ఒక్క పిలుపు రాలేదు. నటన చూసి కాదంటే ఆ బాధ వేరు, అసలు చూడనే చూడకపోతే ఏం చెయ్యాలి? ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ గదిలో నిలబడి నటించి చూపించాలి. అంతకుమించి ఆమె ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

దేవుడు వినలేదు గానీ, వరసకు వదినయ్యే కాదంబిని వింది. ఆవిడ కాంతిశాస్త్రంలో ఇంజనీరు, నోరు కూడా గట్టిదే. ఒక ఉదయం, పెసరట్టు తింటున్న మేదిని ముందు ఒక ఫొటో పెట్టింది.

"ఏంటొదినా, ఇది నా పాత ఫొటోయే కదా?"

"నీ మొహం! దీని పేరు రూపపత్రం. దీనికోసం మూడేళ్లు తపస్సు చేశాను తెలుసా?"

మనిషికి నచ్చినది కంటపడితే కనుపాప పెద్దదవుతుంది. దాచుకుందామన్నా దాగదు. రూపపత్రంలోని నానో సెన్సర్లు చూసేవారి కనుపాపను గమనిస్తూ, ఫొటోలోని ముక్కును, కనుబొమను, పెదవిని వెంట్రుకవాసి చొప్పున మారుస్తాయి. కనుపాప విచ్చుకుంటే ఆ మార్పు ఉంటుంది, ముడుచుకుంటే పోతుంది. చూసేవారికి ఇదేమీ తెలియదు. చూస్తుండగానే వాళ్ల మనసు మెచ్చే మొహం తయారవుతుంది.

"మోసం కదొదినా?"

"పౌడరేసుకుని ఫొటో దిగడం మోసం కాదేం? తలుపు తీయించడం వరకే నా పని. లోపలికెళ్లాక నీ తిప్పలు నువ్వు పడు."

ఆ ఫొటో, కాస్టింగ్ డైరెక్టర్ హేమాంబరి ఆఫీసుకు వెళ్లింది. మొట్టమొదటి చంద్రనౌక నడిపిన అమ్మాయి పాత్ర కోసం ఆవిడ వెతుకుతోంది. సాయంత్రానికల్లా పిలుపు వచ్చేసింది! మేదిని కేకకు పక్క పోర్షన్‌వాళ్లు పరిగెత్తుకొచ్చారు.

మర్నాడు మేదిని గదిలో అడుగుపెట్టేసరికి, హేమాంబరి ఆ ఫొటోలోనే కళ్లు పెట్టుకుని ఉంది. ఆవిడకు అరవై దాటాయి.

"ఎన్నేళ్లుగానో వెతుకుతున్న మొహమయ్యా ఇది!" అంది అసిస్టెంటు ఫణిభూషణ్‌తో. తలెత్తి చూసి, "ఈ పిల్లెవరు?" అంది.

"నేనేనండి, మేదినిని. ఆ ఫొటో నాదేనండి."

హేమాంబరి ఎడమ కనుబొమ పైకి లేచింది. "ఊఁ... ఫొటో ఒకరిది, వచ్చేది ఇంకొకరా? నా చెవిలో పూలు పెడతావా?"

ఆవిడ ఫొటోను బల్ల మీద పెట్టి మళ్లీ దాని మీదికి వంగింది. ఎదురుగా నిలబడ్డ మేదినికి అది తలకిందులుగా కనిపించింది. కోసుగా ఉన్న గడ్డం, పైకి లేచిన ఎడమ కనుబొమ... మేదిని ఒకసారి హేమాంబరి గడ్డం వైపు చూసి, మళ్లీ ఫొటో చూసింది. అందులో ఉన్నది హేమాంబరే! నలభయ్యేళ్ల కిందటి హేమాంబరి!

పిచ్చి వదిన! ఎవరి మనసు ఎవరిని మెచ్చుతుందో ఆలోచించనేలేదు. కాకిపిల్ల కాకికి ముద్దన్నారు గానీ, కాకికి కాకి ఎంత ముద్దో ఎవరూ చెప్పలేదు.

"ఒక్క సీను చేస్తానండి. నచ్చకపోతే మీరు పొమ్మనక్కర్లేదు, నేనే పోతాను."

"ఊఁ... కానీ."

నౌక దిగిపొమ్మన్న అధికారులను ఆ అమ్మాయి ఎదిరించే సీను అది. మేదిని చేతులు జోడించి, కన్నీళ్లు పెట్టుకుని చేసేలా సాధన చేసుకొచ్చింది. ఇప్పుడు అదంతా పక్కన పెట్టేసింది. ఎడమ కనుబొమ ఎత్తి, చున్నీ కొంగులా భుజం మీదికి విసిరి, "ఊఁ..." అని సాగదీసింది.

"ఊఁ... దిగమంటారా? ఇది నా నౌక. దించే మొనగాడెవడో ముందుకు రమ్మనండి!"

ఫణిభూషణ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మేదిని చూపు మాత్రం హేమాంబరి కళ్ల మీదే ఉంది. కనుపాపలు విచ్చుకుంటున్నాయి! ఏ విసురుకు విచ్చుకుంటే ఆ విసురు ఉంచింది, ముడుచుకుంటే వదిలేసింది. గొంతు పెంచింది, గడ్డం ఇంకాస్త ఎత్తింది. ఐదేళ్ల ఆకలి అంతా ఆ సీనులో పోసేసింది. తానిప్పుడు నటిస్తోంది, ఒక మనిషి చూస్తోంది! గుండె ఎగిరి గంతులేసింది.

సీను అయ్యేసరికి హేమాంబరి లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. కళ్లనిండా నీళ్లు.

"ఈ పిల్లే! రాసుకో ఫణీ, ఇంకెవర్నీ పిలవకు. ఆ ఫొటో అవతల పారెయ్, అందులో ఏముంది!"

మేదిని ఆవిడ కాళ్లకు దండం పెట్టి, ఈ వార్త వదినకు చెప్పాలని పరుగులాంటి నడకతో తలుపు దాకా వచ్చింది. వెనక హేమాంబరి మాట వినిపించింది.

"చూశావా ఫణీ? ఊఁ... ఇన్నాళ్లకు ఎవర్నీ అనుకరించని నటి దొరికింది!"

ఫణిభూషణ్ తలవంచుకుని, "అచ్చం మీరన్నట్టేనండి" అన్నాడు.