నీలం ప్లేటు, తెల్ల ప్లేటు

రండి, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. దూరంగా కూర్చుంటే నా మాట సగమే వినిపిస్తుంది, మిగతా సగం మీరే కల్పించేసుకుంటారు. ఇది గిలక్కాయ కథ. ఆడుకునే గిలక్కాయ కాదు, ఐదో తరగతి పిల్ల. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు మళ్ళీ కళ్ళు మూసేదాకా గలగలా మాట్లాడుతూనే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఆ పేరే ఖాయమైపోయింది.

ఆ సాయంత్రం గిలక్కాయ స్కూలు నుంచి వచ్చి, బ్యాగు ఒక మూల, బూట్లు ఇంకో మూల పడేసి పెరట్లోకి పరిగెత్తింది. అక్కడ నాన్న అప్పటికే బొగ్గులు రాజేస్తున్నాడు. లిఫ్టులు బాగుచేసే పని నాన్నది. చేతుల మీద గ్రీజు మరకలు పూర్తిగా వదలనే లేదు, అట్టముక్కతో విసురుతూ గ్రిల్లు ముందు కూర్చున్నాడు.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆ వారం రాత్రి డ్యూటీ. నాన్న గుమ్మంలోకి వచ్చిన కాసేపటికే అమ్మ గుమ్మం దాటాలి. అమ్మ, నాన్న, గిలక్కాయ, తమ్ముడు, నలుగురూ కలిసి తినే పూట అదొక్కటే. ఆ కాస్త టైమూ వంటకే పోతే ఎలా? అందుకని వాళ్ళొక ఉపాయం కనిపెట్టుకున్నారు. పొద్దున డ్యూటీ నుంచి రాగానే అమ్మ చికెన్ ముక్కలకు ఉప్పు, మిరియాల పొడి, వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి, ఫ్రిజ్‌లో పెట్టి, అప్పుడు నిద్రపోతుంది. సాయంత్రానికి అవి చక్కగా నానిపోతాయి. నాన్న వాటిని చువ్వలకు గుచ్చి నిప్పుల మీద పెడతాడు. గిన్నెలు గుట్టలుగా పడవు, ఎవరూ వంటగదిలో చెమటలు కక్కక్కర్లేదు. కబుర్లు చెప్పుకుంటూ ఉండగానే భోజనం తయారు.

ఈ ఏర్పాటులో అమ్మది ఒకటే పట్టుదల. పచ్చి ముక్కలు నీలం ప్లేటులో ఉండాలి. కాలిన ముక్కలు తెల్ల ప్లేటులోకి రావాలి. పచ్చి మాంసం తాకిన ప్లేటులో కాలినవి పెడితే కడుపు పాడవుతుందని, ఆసుపత్రిలో అలాంటి వాళ్ళను చూసీ చూసీ తనకు విసుగొచ్చిందని అంటుంది.

ఆ రోజు అంట్లు తోమే వంతు గిలక్కాయది. ఇక్కడే వచ్చింది తంటా. తెల్ల ప్లేటు పళ్ళెం కాదు, చిన్న సైజు పడవ. సింకులో పట్టదు. ఒక వైపు కడిగితే ఇంకో వైపు బయటికి పొడుచుకొస్తుంది, నీళ్ళన్నీ గౌను మీదే పడతాయి.

ముక్కలు చిటపటలాడుతూ ఎర్రగా కాలాయి. అంతలో నాన్న ఫోను మోగింది. ఎక్కడో లిఫ్టు సగంలో ఆగిపోయిందట. ముక్కలు దించి ప్లేటులో పెట్టమని గిలక్కాయకు చెప్పి, ఏ స్విచ్చు నొక్కాలో ఫోనులో వివరిస్తూ నాన్న లోపలికి వెళ్ళాడు. తమ్ముడు గోడ దగ్గర బంతి తన్నుకుంటున్నాడు.

నీలం ప్లేటు పక్కనే ఖాళీగా ఉంది. గిలక్కాయ ఒకసారి వంటగది వైపు చూసింది, ఒకసారి నీలం ప్లేటు వైపు చూసింది. ఒక్క ప్లేటుతో పని అయిపోతుంటే రెండోది ఎందుకు అనుకుంది. చెక్క పిడులు పట్టుకుని చువ్వలు దించి, ముక్కలన్నీ నీలం ప్లేటులోకి దూసేసింది.

దూశాక చూసింది. ప్లేటు అడుగున పచ్చి ముక్కలు వదిలిన నీరు ఇంకా ఉంది. కాలిన ముక్కల కిందికి అది మెల్లగా పాకుతోంది.

గిలక్కాయకు అమ్మ మాట గుర్తొచ్చింది. గబగబా వెళ్ళి తెల్ల ప్లేటు తెచ్చింది. ముక్కల్ని ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి అందులో సర్దింది. పైన నిమ్మకాయ చెక్కలు కూడా పెట్టింది. చూడడానికి ఎంత ముచ్చటగా ఉందో. ఒక ప్లేటు తప్పించుకోవాలనుకున్న పిల్లకు రెండు ప్లేట్లూ తోమే పని పడింది, పైగా ఒక గుడ్డ కూడా.

అబద్ధమాడడం గిలక్కాయకు అలవాటు లేదు. అడిగితే నిజమే చెబుతుంది. అడగకపోతే మాత్రం చెప్పదు. అడగలేదు కదా, ఇంక నా తప్పేముంది అని ఆ పిల్ల లెక్క.

అమ్మ డ్యూటీ బట్టలు వేసుకుని, జుట్టు బిగించి ముడేసుకుని వచ్చింది. పగలంతా నిద్రపోయింది కాబట్టి ఏమీ తినలేదట, ఆకలి దంచేస్తోందట. ఇవాళ తోటి నర్సు సెలవు పెట్టిందని, వార్డు మొత్తం తనొక్కతే చూసుకోవాలని, తెల్లారేదాకా కూర్చునే తీరిక ఉండదని చెబుతూ పీట లాక్కుని కూర్చుంది. నాన్న వచ్చాడు. తమ్ముడు చేతులు కడుక్కున్నానని తడి చేతులు అందరికీ చూపించి కూర్చున్నాడు.

గిలక్కాయ తల వంచుకుని అందరి గ్లాసుల్లోకీ నీళ్ళు పోసింది.

"ఏంటి, మన గిలక్కాయ మోగట్లేదు? లోపల గింజలు గానీ రాలిపోయాయా?" అన్నాడు నాన్న.

"ఏం లేదు నాన్నా."

తమ్ముడు నవ్వాడు.  గిలక్కాయకు మాత్రం అమ్మ కడుపునొప్పితో వార్డులో గోడ పట్టుకుని నిలబడినట్టు కళ్ళ ముందు కనిపించింది. గుడ్డతో తుడిచాను కదా, ఏమీ కాదులే అని సర్దిచెప్పుకుంది. నన్నెవరూ అడగలేదు కదా అని కూడా అనుకుంది. ఎప్పుడూ పనిచేసే ఆ మాట ఈసారి ఎందుకో పనిచేయలేదు.

అమ్మ ముందు ఒక మెత్తటి ముక్క తీసి, ఉఫ్ ఉఫ్ అని ఊది, తమ్ముడి నోటి దగ్గర పెట్టింది. వాడు పిచ్చుకపిల్లలా నోరు తెరిచాడు.

"అమ్మా, పెట్టకు. ఆ ముక్కలు నీలం ప్లేటులో పెట్టాను."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. గిలక్కాయ ఇక ఆపలేదు. సింకు సంగతి, నీటి సంగతి, గుడ్డతో తుడిచిన సంగతి, నిమ్మకాయ చెక్కల సంగతి వరసగా చెప్పేసింది. చెబుతుంటే కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవే కారిపోయాయి.

 తమ్ముడు తెరిచిన నోరు అలాగే ఉంచి అక్క వైపు, ముక్క వైపు మార్చి మార్చి చూశాడు.

అమ్మ ముక్కను ప్లేటులో పెట్టేసింది. "ప్లేటు మారితే ఏమవుతుందే, మళ్ళీ కాలుస్తాం. కానీ నువ్వు చెప్పకపోతే, మళ్ళీ కాల్చాలని నాకెలా తెలుస్తుంది?" అంది మెల్లగా.

 గిలక్కాయ ముక్కు తుడుచుకుంది. తర్వాత లేచి తనే అట్టముక్క తీసుకుంది.

నిప్పుల మీద అప్పటికే నివురు కప్పేసింది. నాన్న కొత్త బొగ్గులు వేశాడు. గిలక్కాయ చేతులు నొప్పెట్టేలా విసిరింది. ముక్కలు రెండోసారి కాలాక కూర్చుని తింటే అమ్మ బస్సు వెళ్ళిపోతుంది. అందుకని వేడిగా ఉన్న అంచున నాన్న బ్రెడ్డు ముక్కలు, టమాటా చక్రాలు, పొద్దున ఉడికించి ఉంచిన బంగాళాదుంపలు పరిచాడు. అవి చిటికెలో కాలాయి. అమ్మ బ్రెడ్డు మధ్యలో టమాటాలు కుక్కుకుని, నిలబడే తినేసింది. ఇదే బాగుందని, ఇకమీదట వారానికోసారి ఇదే చేద్దామని అంది. ఊరికే అనలేదు, రెండోది కూడా తీసుకుంది.

చికెన్ మళ్ళీ కాలేసరికి కాస్త బిరుసెక్కింది. దవడలకు మంచి కసరత్తు అని నాన్న నవ్వాడు. అమ్మ కోసం కొన్ని ముక్కలు, కొన్ని దుంపలు శుభ్రమైన డబ్బాలో సర్దే పని గిలక్కాయ చేసింది. మూత బిగించి అమ్మ బ్యాగులో పెట్టింది.

అమ్మ చెప్పులేసుకుని గేటు దాటింది. నాలుగడుగులు వేసిందో లేదో వెనకాల పరుగు చప్పుడు వినిపించింది.

"అమ్మా, ఆగమ్మా. నీ డబ్బాలో ఒక దుంప తక్కువుంటుంది. సర్దేటప్పుడు నేనే తినేశాను."

అమ్మ ఆగి వెనక్కి తిరిగింది. ఎవరూ అడగలేదు. డబ్బాలో ఎన్ని దుంపలున్నాయో ఎవరికీ తెలియదు కూడా. 

"ఎలా ఉంది?" అని అడిగింది అమ్మ.

"ఉప్పు తక్కువైంది."

అమ్మ నవ్వుకుంటూ బస్సు వైపు నడిచింది. గిలక్కాయ గేటు వేసి, గౌను చేతులు పైకి మడుచుకుని, ఆ తెల్ల పడవను రెండు చేతులా ఎత్తుకుని సింకు దగ్గరికి వెళ్ళింది.

ఇదమ్మా సంగతి. రేపు మీరు ఇది ఇంకెవరికైనా చెప్పండి. ప్లేట్ల రంగులు గుర్తు లేకపోతే మీకు నచ్చిన రంగులు వేసుకోండి, నేనేమీ అనుకోను. గేటు దగ్గర దుంప మాట మాత్రం గుర్తుపెట్టుకుని, నేను చెప్పినట్టే చెప్పండి.