బంతి అందించిన చేయి

పిల్లలూ, వెలగదుర్గానికి వచ్చిన కష్టం పగవాడికి కూడా రాకూడదు. ఆ రాజ్యంలో ఏటా కోతలయ్యాక అన్ని సీమల ఆడపిల్లలూ కోటలో బంతి ఆడేవారు. జట్టుకు ఐదుగురు. ఎత్తైన స్తంభానికి అడుగు లేని వెదురుబుట్ట కట్టి ఉంటుంది. అందులో అందరికంటే ఎక్కువసార్లు బంతి వేసిన పిల్లకు రాజుగారు బంగారు బంతి బహూకరించి, ఊరూరా ఆమె పేరు దండోరా వేయించేవారు. మూడేళ్లుగా ఆ బంగారు బంతిని ముట్టుకున్న పిల్ల నిలబడ్డచోటే శిలైపోతోంది. అది నల్లకొండమీది రాక్షసి శాపమని అందరికీ తెలుసు. అయినా ఆట మానితే పరువు పోతుందని రాజుగారి పట్టుదల.

మూడో శిల సింగారి. మేదరి ఇంటి పిల్ల. ఆమె చెల్లెలు నూకాలు రోజూ కోటకు వెళ్లి అక్క ముఖం తుడిచి వచ్చేది. ఒకనాడు శిల కుడిభుజాన చిన్న బీట కనిపించింది. మర్నాటికి అది బెత్తెడైంది. మెడదాకా పాకితే అక్క ఇక లేనట్టే. నూకాలు ఒక బంతి చంకన పెట్టుకొని, శాపం పెట్టిన రాక్షసి ఉండే నల్లకొండకు బయలుదేరింది.

దారిలో ఒక ముని కనిపిస్తే కాళ్లమీద పడింది. తన దగ్గర మంత్రమూ లేదు, మూలికా లేదు, ఇంతకుముందు వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదని ఆయన దాచకుండా చెప్పాడు. ఏరు దాటుతుంటే మొసలి తరిమింది. సద్దిమూట దాని నోట్లో పారేసి ఒడ్డెక్కింది. మూలిగే నక్కమీద తాటిపండు పడ్డట్టు, కొండెక్కేసరికి మడమ కూడా బెణికింది.

అక్కను విడిచిపెట్టమని నూకాలు వేడుకుంటే, రాక్షసి బుట్ట కట్టిన తాటిచెట్టంత స్తంభం చూపించి, మూడుసార్లలో ఒక్కసారైనా బంతి బుట్టలో వేస్తే మాట్లాడదామంది. మొదటిసారి బంతి సగం ఎత్తుకు కూడా లేవలేదు. రెండోసారీ అంతే. నూకాలుకు ఏడుపొచ్చింది. ఆమె ఎన్నడూ బుట్టలో వేసిన పిల్ల కాదు, అక్కకు బంతి అందించే పిల్ల. మూడోసారి ఆమె చేతులు అలవాటుకొద్దీ బంతిని పక్కనున్న మనిషికి, అంటే రాక్షసికే అందించాయి.

రాక్షసి బంతి పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. తరువాత, "నీ అక్కకు బంతి అందించింది నువ్వేనా?" అని అడిగింది.

"నేనే."

"దండోరాలో నీ పేరు చెప్పారా?"

"లేదు. ఆ రోజు కుళ్లికుళ్లి ఏడ్చాను. అక్కే రాయైపోయాక ఇంక ఆ కోపం ఏం చేసుకోను?"

రాక్షసి బంతిని ఒళ్లో పెట్టుకుంది. "నేనూ ఒకనాడు ఆ కోటలో బంతి అందించినదాన్నే. నా పేరూ ఎవరూ చెప్పలేదు. నా గురించి దండోరా వినబడితేనే శాపం పోతుంది. కానీ తల్లీ, నా పేరు నాకే గుర్తులేదు."

నూకాలు కుంటుకుంటూ తిరిగొచ్చేసరికి బీట మెడకు వేలెడు దూరంలో ఉంది. దండోరా వేయించమని అడిగితే, పేరులేని దండోరా ఏమిటని రాజుగారు విసుక్కున్నారు. నూకాలు డప్పు లాక్కొని కోటవాకిట తనే వాయించింది. ఆశ ఉండి కాదు, ఇంకేం చేయాలో తోచక.

"బంతి అందించిన ఆడపిల్ల ఒకతె ఉండేది. ఆమె పేరు మనమే పోగొట్టాం. గెలుపు ఆమెది కూడా."

కొండమీద ఆ మాట విన్నదెవరో మీకు చెప్పక్కర్లేదు. ముగ్గురు పిల్లలూ కళ్లు తెరిచారు. సింగారి కుడిచేయి మాత్రం రాయిగానే రాలిపోయింది.

ఆ తరువాత అందరూ సుఖంగా ఉన్నారంటే అబద్ధమవుతుంది. సింగారి నెలల తరబడి గడప దాటలేదు. మరుసటి ఏడు ఆటకు మాత్రం వచ్చింది. ఎడమచేత్తో ఆమె బంతి అందించింది, నూకాలు బుట్టలో వేసింది. దండోరాలో ఇద్దరి పేర్లూ చెప్పారు, సింగారి పేరు ముందు.